విడిభాగాల ఫర్నిచర్: ఇంట్లో బిగింపు, దాని చిక్కులు

కర్మాగారంలో కోసి, బెజ్జాలు వేసి, అంచులకు పట్టీ అతికించి, కలపకుండానే చదునైన అట్టపెట్టెలో సర్ది అమ్మే బల్లలు, కుర్చీలు, మంచాలు, అల్మరాలను విడిభాగాల ఫర్నిచర్ అంటారు. వ్యాపారంలో ఫ్లాట్ ప్యాక్ అనీ, నాక్ డౌన్ అనీ, రెడీ టు అసెంబుల్ అనీ పిలుస్తారు. పెట్టె విప్పితే పలకలు, మరలు, చెక్క పుల్లలు, బోల్టులు తిప్పడానికి ఒక ఎలెన్ కీ, బొమ్మల పుస్తకం కనిపిస్తాయి. వీటన్నిటినీ కలిపి నిలబెట్టే చివరి పని కొన్నవారి మీద పడుతుంది. గంటలో అయిపోతుందనుకున్న పని పూటంతా పట్టడం, చివరికి తలుపు వంకరగా వేలాడడం, ఎక్కడివో తెలియని రెండు మరలు మిగిలిపోవడం ఈ ఫర్నిచర్ వెళ్లిన ప్రతిచోటా ఉన్న అనుభవమే. చాలామంది దాన్ని తమ చేతకానితనం కింద జమ వేసుకుంటారు. అది వారికి వారు చేసుకునే అన్యాయం. ఈ విసుగులో ఎక్కువ భాగానికి కారణాలు పలక తయారైన తీరులో, కలిపే లోహపు ముక్కల్లో, బొమ్మల పుస్తకంలో, ఇంటి గచ్చులో ఉంటాయి.

విప్పి కలుపుకునే సామాను తెలుగు ఇళ్లకు కొత్త కాదు. పట్టె మంచానికి నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు. పట్టెల కొసలు కోళ్లకు తొలిచిన బెజ్జాల్లోకి దిగుతాయి. పైన నవారు లాగి అల్లితే ఆ లాగుడుకే కీళ్లన్నీ బిగుసుకుంటాయి. ఊరు మారినప్పుడు నవారు విప్పి, పట్టెలు ఊడదీసి బండిలో వేసుకునేవారు. పందిరి మంచం స్తంభాలు, పైచట్రం కూడా ఇలా విడివిడిగా ఊడివచ్చేవే. అయితే ఆ బెజ్జాన్నీ, అందులో దిగే కొసనూ ఒకే వడ్రంగి ఒకదానికొకటి సరిచూసి చెక్కేవాడు. కలుపుకోవడం ఇంటివారి పని, కుదరడం మాత్రం వడ్రంగి పూచీ. నేటి ఫర్నిచర్‌లో చిక్కంతా ఆ పూచీ ఎవరిదన్న దగ్గరే మొదలవుతుంది.

పారిశ్రామికంగా ఈ పద్ధతికి తొలి గొప్ప ఉదాహరణ 1859లో మైకేల్ థోనెట్ సంస్థ తెచ్చిన 14వ నంబరు కుర్చీ. ఆవిరిలో మెత్తబరిచి వంచిన బీచ్ కర్రతో చేసిన ఆ కుర్చీలో ఆరు చెక్క భాగాలు, పది మరలు, రెండు నట్లు ఉండేవి. విప్పిన కుర్చీలు 36 ఒక ఘనపు మీటరు పెట్టెలో పట్టేవి. మధ్య యూరప్ అడవుల దగ్గర తయారై, ఓడల్లో ఖండాలు దాటి, చేరిన చోట బిగించుకునేవి. 1930 నాటికి ఐదు కోట్ల దాకా అమ్ముడుపోయాయని అంచనా. ఆ ఘనపు మీటరు లెక్కలోనే విడిభాగాల ఫర్నిచర్ పుట్టుకకు కారణం ఉంది. నిలబడి ఉన్న కుర్చీని రవాణా చేస్తే ఎక్కువగా మోసేది దాని కాళ్ల మధ్య ఉన్న ఖాళీనే.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఎరీ సౌడర్ 1950ల తొలినాళ్లలో పనిముట్లు లేకుండా కలుపుకునే బల్లకు పేటెంటు పొందాడు. ఇంచుమించు అదే కాలంలో స్వీడన్‌లో ఇంగ్వార్ కంప్రాడ్ తపాలా అమ్మకాలతో ఫర్నిచర్ వ్యాపారం సాగిస్తున్నాడు. 1943లో, పదిహేడేళ్ల వయసులో, ఆయన స్థాపించిన సంస్థే ఐకియా. తపాలా, రైలు మార్గాల్లో వెళ్లే బల్లల కాళ్లు దారిలో విరిగేవి. 1956 ప్రాంతంలో గిల్లిస్ లుండ్‌గ్రెన్ అనే ఉద్యోగి, కారులో పట్టని ఒక బల్లకు కాళ్లు ఊడదీసి పెట్టాడన్నది ఆ సంస్థ ఇప్పటికీ చెప్పుకునే కథ. 1979లో బిల్లీ పుస్తకాల అల్మరాను గీసింది కూడా ఆయనే. 1965లో స్టాక్‌హోమ్ దగ్గర కుంగెన్స్ కుర్వాలో తెరిచిన దుకాణానికి జనం విరగబడి రావడంతో సరుకు అందించే మనుషులు చాలలేదు. కొనేవారినే గోదాములోకి వెళ్లి పెట్టెలు తెచ్చుకోనిచ్చారు. అలా మోసుకెళ్లడం, బిగించడం రెండూ కొనేవారి వంతు అయ్యాయి. ధర తగ్గింది, అందులో ఒక భాగం కొనేవారి శ్రమకు ఇచ్చిన తగ్గింపు.

భారతదేశంలో ఐకియా తొలి దుకాణం 2018 ఆగస్టు 9న హైదరాబాద్ హైటెక్ సిటీలో తెరుచుకుంది. పదమూడు ఎకరాల స్థలం, సుమారు నాలుగు లక్షల చదరపు అడుగుల భవనం. అప్పటికే పెప్పర్‌ఫ్రై, అర్బన్ ల్యాడర్ వంటి ఆన్‌లైన్ సంస్థల ద్వారా విడిభాగాల మంచాలు, కంప్యూటర్ బల్లలు ఇళ్లకు వస్తున్నా, ఇంత పెద్ద ఎత్తున ఈ పద్ధతి జనానికి పరిచయమైంది అప్పుడే. తెలుగు రాష్ట్రాల్లో ఇల్లు కట్టుకుంటే కార్పెంటర్ ప్లైవుడ్ షీట్లతో వచ్చి వారాల తరబడి ఇంట్లోనే పని చేస్తాడు. గోడ వంకరుంటే పలకను ఆ వంకరకు తగ్గట్టు చిత్రిక పడతాడు. అలాంటి చోట కొన్నవాళ్లే బిగించుకోవాలనే ఒప్పందం ఉన్నదున్నట్టు చెల్లదు. అందుకే ఇక్కడ ఐకియా సొంత బిగింపు సిబ్బందిని పెట్టుకోవడంతోపాటు, అప్పట్లో అర్బన్‌క్లాప్‌గా ఉన్న ఇంటి సేవల సంస్థతో ఒప్పందం కూడా చేసుకుంది.

బొమ్మల పుస్తకం

మొదటి చిక్కు పెట్టె విప్పిన పది నిమిషాల్లోనే వస్తుంది. చిన్న ప్లాస్టిక్ సంచుల్లో ఉన్న మరల్లో రెండు రకాలు చూపుకు ఒకేలా ఉంటాయి, పొడవులో కొద్ది మిల్లీమీటర్లే తేడా. పొట్టిది దిగాల్సిన చోట పొడుగుది దిగితే పలక అవతలి వైపు నునుపు పొరను చీల్చుకుని పైకి వస్తుంది. ఆ గాయం మళ్లీ మూసేది కాదు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ముందు అన్నిటినీ నేల మీద పరిచి, రకాలవారీగా లెక్కపెట్టుకుంటారు. ఏదైనా తక్కువ వచ్చిందంటే అప్పుడే తెలుస్తుంది. సగం బిగించాక తెలిస్తే ఆ సగం బీరువా గది మధ్యలోనే రోజుల తరబడి పడి ఉంటుంది.

పుస్తకంలో మాటలు ఉండవు. ఒకే పుస్తకం అన్ని దేశాలకూ సరిపోవాలని, అనువాదాల ఖర్చు ఉండకూడదని ఈ ఏర్పాటు. దాంతో భారమంతా బొమ్మ మీద పడుతుంది. ఒక పలకకు మూడు బెజ్జాలు ఒక అంచుకు దగ్గరగా, ఇంకో అంచుకు కాస్త దూరంగా ఉంటాయి. ఆ తేడా బొమ్మలో వెంట్రుకవాసి. తిరగేసి పెట్టినా ఆ దశలో అన్నీ కుదిరినట్టే అనిపిస్తుంది. తప్పు బయటపడేది నాలుగైదు దశల తర్వాత, వెనక పలక దూరాల్సిన గాడి ముందువైపుకు వచ్చినప్పుడో, అంచుపట్టీ లేని పచ్చి అంచు ఎదురుగా కనిపించినప్పుడో. అప్పటికి జిగురు వేసి ఉంటే వెనక్కి వెళ్లడం కుదరదు.

ఈ సమస్యను శాస్త్రీయంగా చదివినవారు ఉన్నారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మనీష్ అగ్రవాలా, మనస్తత్వ శాస్త్రవేత్త బార్బరా ట్వెర్‌స్కీ, జూలీ హైజర్ తదితరుల బృందం 2003లో ప్రచురించిన పరిశోధన వీటిలో ముఖ్యమైనది. సూచనలేవీ ఇవ్వకుండా మనుషుల చేత ఒక టీవీ బల్లను కలిపించి, తర్వాత వారినే ఇంకొకరి కోసం బొమ్మలు గీయమన్నారు. అలా తేలిన సంగతులు సూటిగా ఉన్నాయి. ఒక్కో బొమ్మలో ఒక్కో పెద్ద భాగమే చేరాలి. ఆ దశలో కలిపే భాగమూ, అది తగిలే చోటూ రెండూ కనిపించే వైపు నుంచే గీయాలి. కలిశాక ఎలా ఉంటుందో చూపితే చాలదు. ఏది ఏ దిక్కు నుంచి ఎలా వచ్చి చేరుతుందో బాణాలతో చూపాలి. ఆకృతులను మనసులో తిప్పి చూడడం కష్టమైనవారికి ఇలాంటి బొమ్మలు ఎక్కువ మేలు చేశాయి. అంటే ఒకరు తికమక పడ్డారంటే బొమ్మ గీసినవారినీ ప్రశ్నించాల్సి ఉంటుంది. కాగితం ఆదా కోసం మూడు పనులను ఒకే గడిలో కుక్కే చౌక పుస్తకాలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

జపాన్‌లో 1960లలో షిగెయో షింగో కర్మాగారాల కోసం పోకా యోకే అనే పద్ధతిని రూపొందించాడు. తప్పుగా బిగించడానికే వీలులేనట్టు భాగాన్ని తయారు చేయాలన్నది దాని సారం. ఎడమ పక్క పలక కుడి పక్కన అసలు పట్టకపోతే పుస్తకంలో హెచ్చరిక అక్కర్లేదు. రెండు బెజ్జాల కొలత కావాలని వేరుగా పెడితే సరిపోయే పని ఇది. చాలా నమూనాల్లో ఈ జాగ్రత్త లేకపోవడానికి కారణం ఉంది. కుడి ఎడమలకు ఒకే పలక వాడితే యంత్రం అమరికలు తగ్గుతాయి, నిల్వ పెట్టాల్సిన రకాలు తగ్గుతాయి. అక్కడ మిగిలిన ఖర్చు ఇక్కడ ఎవరో తలపట్టుకునే గంటగా మారుతుంది.

పలక, క్యామ్, మర

ఈ ఫర్నిచర్‌లో చాలా భాగానికి ఆధారం పార్టికల్ బోర్డు. చెక్క రజనును, సన్నని ముక్కలను యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుతో కలిపి వేడిలో నొక్కితే తయారవుతుంది. దీన్ని రూపొందించినవారిలో జర్మనీకి చెందిన మాక్స్ హిమ్మెల్‌హేబర్ పేరు ప్రముఖంగా వినిపిస్తుంది. 1930లలో ఆయన చేసిన ప్రయత్నాలు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పరిశ్రమగా విస్తరించాయి. చవక, చదును, ఎటు కోసినా ఒకే తీరు. కొత్త అల్మరా తెరిస్తే వచ్చే ఘాటు వాసనలో ఆ జిగురు పాత్ర ఉంటుంది.

కలప పోగు మరను పట్టుకున్నట్టు ఈ రజను పట్టుకోదు. నేరుగా దింపిన మరను ఒకసారి విప్పి మళ్లీ బిగిస్తే బెజ్జం గోడలు పొడిపొడిగా రాలతాయి. బోర్డుకున్న ఈ బలహీనతను దాటడానికే క్యామ్ లాక్ వచ్చింది. ఒక పలకలో చిన్న బోల్టు దిగుతుంది, దాని తల బయటకు పొడుచుకుని ఉంటుంది. ఎదురు పలకలో గుండ్రని లోహపు బిళ్ల కూర్చుంటుంది. సాధారణంగా దాని వ్యాసం 15 మిల్లీమీటర్లు. బోల్టు తల బిళ్లలోకి దూరాక స్క్రూ డ్రైవర్‌తో అర చుట్టు తిప్పితే బిళ్లలోని ఏటవాలు అంచు ఆ తలను లాగి రెండు పలకలనూ దగ్గరికి చేరుస్తుంది. పక్కనే ఉన్న చెక్క పుల్లలు పలకలు పక్కకు జారకుండా ఆపుతాయి. ఆలోచన చక్కటిది.

తప్పు జరిగే చోట్లు కూడా ఇక్కడే ఎక్కువ. బిళ్ల మీది బాణం గుర్తు పలక అంచు వైపు చూడకపోతే బోల్టు తల లోపలికి పోదు. బలవంతంగా నొక్కితే పలక అంచు పెచ్చులూడుతుంది. బోల్టు ఒక చుట్టు తక్కువ దిగినా, ఎక్కువ దిగినా బిళ్లకు తల అందదు. బిళ్ల తిరుగుతూనే ఉంటుంది, పట్టు మాత్రం రాదు. ఈ బిళ్లలు ఎక్కువగా జింకు మిశ్రమలోహంతో పోతపోసినవి. కరెంటు డ్రిల్లుతో తిప్పితే చటుక్కున విరుగుతాయి. తొందరగా అవుతుందని డ్రిల్లు తీసేవారికి ఎక్కువ నష్టం జరిగేది ఈ కారణంగానే. చేతి స్క్రూ డ్రైవర్‌తో తిప్పితే బిగువు పెరగడం వేళ్లకు తెలుస్తుంది, ఆగాల్సిన చోట ఆగవచ్చు.

పెట్టెలో వచ్చే ఎలెన్ కీ సంగతి వేరు. దాని పొట్టి చెయ్యి పలకల మధ్య ఇరుకులో పావు చుట్టు తిరిగి ఆగిపోతుంది. తీసి మళ్లీ పెట్టాలి, మళ్లీ పావు చుట్టు. మంచం చట్రానికి పదహారు బోల్టులుంటే ఆ పనికే చాలా సమయం పోతుంది, అరచేయి ఎర్రబడుతుంది. గుండ్రని తల ఉన్న మంచి కీ ఒకటి విడిగా కొనుక్కుంటే కాస్త వంపుగా పెట్టి తిప్పవచ్చు.

మూలమట్టం

అన్ని మరలూ సరిగ్గా దిగాక కూడా తలుపులు ఒకదానికొకటి సమంగా రాకపోవచ్చు. బిగించేవారిని ఎక్కువ కుంగదీసేది ఇదే, ఎందుకంటే తప్పు ఎక్కడుందో కనిపించదు. అల్మరా చట్రం నాలుగు పలకలతో దీర్ఘచతురస్రంలా కనిపిస్తుంది, కానీ వెనక పలక పడేదాకా అది పక్కకు వాలగలదు. మూడు మిల్లీమీటర్ల పలుచని వెనక పలకే దాన్ని నిటారుగా పట్టి ఉంచుతుంది. చిన్న మేకులతో దాన్ని కొట్టే ముందు చట్రం మూల నుంచి మూలకు రెండు వైపులా టేపుతో కొలవాలి. పునాదికి ముగ్గు పోసేటప్పుడు తాపీ మేస్త్రీ తాడు లాగి చూసేది కూడా ఇందుకే: రెండు కొలతలూ సమానమైతేనే మూలలు మట్టంగా ఉన్నట్టు. ఈ ఒక్క కొలత తీసుకోకపోతే తర్వాత తలుపుల బందుల మరలు ఎంత తిప్పినా సందు సమానం కాదు. చాలా పుస్తకాల్లో దీనికి ఒక్క చిన్న బొమ్మే ఉంటుంది, కొన్నిటిలో అదీ ఉండదు.

మరలన్నీ ముందు వదులుగా ఎక్కించి, అన్నీ తమ తమ చోట్ల పడ్డాకే ఒక్కొక్కటి బిగించాలన్నది కూడా ఇలాంటిదే. మొదటి మూలను గట్టిగా బిగించేస్తే అక్కడి అర మిల్లీమీటరు తేడా నాలుగో మూలకు చేరేసరికి బెజ్జం కుదరనంత అవుతుంది.

ఆ తర్వాత గచ్చు. టైల్స్ పరిచిన నేల బాత్‌రూమ్ వైపో, బాల్కనీ వైపో కాస్త వాలుగా ఉంటుంది. సరిగ్గా బిగించిన అల్మరా కూడా ఆ వాలులో మెలితిరిగి తలుపులు పైకీ కిందకీ అవుతాయి. రసమట్టం పెట్టి చూసి, కాళ్ల కింద పలుచని ముక్క పెట్టాలి. గోడ అడుగున ఉండే స్కర్టింగ్ టైల్ ఇంకో అడ్డు. దాని మందం వల్ల అల్మరా గోడకు ఆనదు, వెనక సందు మిగిలిపోతుంది.

పొడవైన వార్డ్‌రోబ్‌ను నేల మీద పడుకోబెట్టి బిగించి, తర్వాత లేపి నిలబెట్టాలి. అలా లేపేటప్పుడు దాని ఎత్తుకంటే ఎక్కువ చోటు కావాలి. ఐకియా ప్యాక్స్ వార్డ్‌రోబ్ పెద్ద రకం ఎత్తు 236 సెంటీమీటర్లు, లోతు 58. లేచేటప్పుడు దాని కర్ణం 243 సెంటీమీటర్లు. ఫాల్స్ సీలింగ్ కిందికి దించిన గదిలో ఆ కొద్ది తేడాకే అది మధ్యలో ఇరుక్కుంటుంది. సీలింగ్ ఫ్యాను రెక్కలు ఇంకా కిందికి ఉంటాయి. మన పడకగదుల్లో ఏడడుగుల ఎత్తున, అంటే సుమారు 213 సెంటీమీటర్ల దగ్గర, అటక ఉంటే ఈ రకం దాని కింద అసలు పట్టదు. 201 సెంటీమీటర్ల రకం కొనుక్కోవాలి.

నీళ్లు

దక్షిణ భారతంలో ఈ ఫర్నిచర్‌కు పెద్ద శత్రువు రోజూ నేల తుడిచే తడిబట్ట. పార్టికల్ బోర్డు పైన మెలమైన్ పొర నీటిని ఆపుతుంది, కింది అంచుకు మాత్రం చాలాసార్లు ఆ పొర ఉండదు. అక్కడినుంచి తేమ పీల్చుకుని రజను ఉబ్బుతుంది, ఆరినా మళ్లీ పాత మందానికి రాదు. ఉబ్బిన అంచులో మర పట్టు వదిలేస్తుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరపు ఊళ్లలో గాలిలోని తేమ దీనికి తోడవుతుంది. బిగించే ముందే కింది అంచుకు వార్నిష్ పూయడం, నాలుగు వేళ్ల ఎత్తు కాళ్లున్న నమూనా ఎంచుకోవడం ఇక్కడి పుస్తకాల్లో మొదటి పేజీలో ఉండాల్సిన సలహాలు.

తడిని తట్టుకున్నా, ఇల్లు మారడం అసలు పరీక్ష. ప్యాకర్స్ అండ్ మూవర్స్ మనుషులు వేగంగా విప్పుతారు, మరలన్నీ ఒకే కవర్లో వేస్తారు. కొత్త ఇంట్లో రెండోసారి బిగించేసరికి బెజ్జాలు వదులు. మూడోసారికి జిగురుతో పుల్ల కొట్టి కొత్తగా బెజ్జం వేయాల్సిందే. అమెరికాలో చదువుకునే తెలుగు విద్యార్థులు అద్దె గడువు తీరినప్పుడు ఇలాంటి బల్లలను తరవాత వచ్చేవారికి వదిలేసి వెళ్లడానికి ఇదీ ఒక కారణం. విప్పి మోసుకెళ్లినా అది మునుపటంత గట్టిగా నిలవదు.

గోడకు బిగించాల్సిన చివరి మర

అన్నిటికంటే ప్రమాదకరమైన దశ పుస్తకం ఆఖరి పేజీల్లో ఉంటుంది. సొరుగుల బల్లను గోడకు బిగించడం అది. అప్పటికి అలసట వచ్చేసి ఉంటుంది. గోడకు డ్రిల్లు వేస్తే ఇంటి యజమాని ఒప్పుకోరన్న భయం అద్దెకున్నవారిది. బల్ల నిలబడే ఉంది కదా అని వదిలేస్తారు. చిన్నపిల్లలు కింది సొరుగులు లాగి మెట్లలా ఎక్కితే బరువంతా ముందుకు వచ్చి బల్ల వారి మీదే పడుతుంది. 2016 జూన్‌లో అమెరికాలో ఐకియా మాల్మ్ తదితర రకాల సొరుగుల బల్లలు దాదాపు 2 కోట్ల 90 లక్షలు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. పిల్లల మరణాలే దానికి కారణం. ఏళ్లపాటు సంస్థల జవాబు గోడకు బిగించమని పుస్తకంలో చెప్పామన్నదే. పసిపిల్లల ప్రాణం అలసిన చేతులతో బిగించే ఆఖరి మర మీద ఆధారపడే నమూనాను సురక్షితం అనలేం. 2022 డిసెంబరులో అమెరికా చేసిన స్టర్డీ చట్టం ఆ బాధ్యతను తయారీదారు వైపు తిప్పింది. గోడకు బిగించకపోయినా, సొరుగుల్లో బట్టలు నిండి ఉన్నా, సుమారు 27 కిలోల పిల్లవాడి బరువు పడినా బల్ల ఒరగకూడదని అక్కడి పరీక్షా నియమాలు.

ఇంత కష్టం తర్వాత కూడా ఆ వస్తువు మీద మమకారం కలగడం అబద్ధం కాదు. మైకేల్ నార్టన్, డేనియల్ మోకాన్, డాన్ ఏరియలీ 2012లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఐకియా పెట్టెను తామే బిగించినవారు అదే పెట్టెను బిగించి ఉన్నది చూసినవారికంటే 63 శాతం ఎక్కువ ధర ఇవ్వడానికి సిద్ధపడ్డారు. దీనికి ఐకియా ప్రభావం అని పేరు పెట్టారు. ఈ ప్రయోగాల్లోని రెండో సంగతి అంతగా ప్రచారం కాలేదు: పని పూర్తికాకపోతే ఆ మమకారమూ రాదు. సగంలో ఆపించినప్పుడు ప్రభావం కనిపించలేదు. తక్కువ వచ్చిన ఒక మర, అర్థంకాని ఒక బొమ్మ పాడుచేసేది ఈ ఆనందాన్ని కూడా.

యంత్రాలకూ ఇది తేలిక పని కాదు. 2018లో సింగపూర్ నాన్యాంగ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో రెండు రోబో చేతులు ఐకియా స్టెఫాన్ కుర్చీ చట్రాన్ని కలిపాయి. మొత్తం పట్టింది 20 నిమిషాల 19 సెకన్లు. అందులో 11 నిమిషాల 21 సెకన్లు కదలికలు ఎలా ఉండాలో లెక్కించడానికే పోయాయి. ఏది ముందు, ఏది తర్వాత అన్న క్రమం పరిశోధకులు ముందే రాసి ఇచ్చారు. బొమ్మల పుస్తకం చదివే పని రోబోలకు పెట్టలేదు.

కొన్ని కొత్త నమూనాల్లో మార్పు మొదలైంది. ఐకియా లిసాబో బల్లల్లో గీతలు చెక్కిన చెక్క కొస గాడిలోకి జారి టక్కున పడుతుంది. కాలు బిగించడానికి ఎలెన్ కీ అక్కర్లేదు, మళ్లీ ఊడదీసినా కీలు చెడదు. సొరుగుల బల్లల్లో కొన్నిటికి లోపల ఒక అడ్డు ఉంటుంది. గోడకు బిగించేదాకా ఒకసారికి ఒక సొరుగే బయటకు వస్తుంది.